పేరూ ఊరూ లేని 486 బోర్డు: జంపర్లు వెతకాలా, కొలవాలా, మార్చి చూడాలా?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇనప సామాన్ల మధ్య దొరికిన 486 (90ల నాటి ప్రాసెసర్ రకం) మదర్‌బోర్డు ఒకటి మూడు వారాలుగా నా బల్ల మీద ఉంది. కంపెనీ పేరు లేదు, మోడల్ నంబరు లేదు, ‘మేడ్ ఇన్ తైవాన్’ అన్న మాట తప్ప ఏ గుర్తూ లేదు. జంపర్లు మాత్రం, అంటే బోర్డు సెట్టింగులు మార్చడానికి పిన్నుల మీద పెట్టే చిన్న తొడుగులు, లెక్కపెడితే ఇరవై మూడు. ఒక్కోదానికి రెండే స్థితులు అనుకున్నా 83 లక్షలకు పైగా కలయికలు. 90ల్లో మన ఊళ్లలో అసెంబుల్ చేసి అమ్మిన పీసీల్లో చాలావాటిలో ఇలాంటి బోర్డులే ఉండేవి. డబ్బాలో పల్చటి మాన్యువల్ ఒకటి వచ్చేది, అది ఎప్పుడో ఏ పాత పేపర్లవాడి తూకంలోనో పోయి ఉంటుంది.

దారులు మూడున్నాయి. ఇదే బోర్డు గురించి ఎవరైనా రాసిపెట్టారేమో వెతకడం ఒకటి. మల్టీమీటరు పట్టుకుని ఏ జంపర్ ఎక్కడికి పోతుందో మనమే కాగితం మీద గీసుకోవడం రెండోది. బోర్డు లేచేటప్పుడు ఎక్కడ ఆగిందో చూపే పోస్ట్ కార్డు గుచ్చి, ఒక్కో జంపర్ మార్చుకుంటూ ఏమవుతుందో చూడటం మూడోది. ఈ మూడోది చాలామంది మొదట చేసే పని. నేనూ చేశాను, అంతకుముందు దొరికిన బోర్డు మీద, ఒక డీఎక్స్4 ప్రాసెసర్ని పోగొట్టుకున్నాను కూడా.

ఏ దారి పట్టినా ముందు బ్యాటరీ సంగతి చూడాలి. ఆ కాలపు బోర్డుల మీద పీపా ఆకారంలో ఉండే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, ముప్పై ఏళ్లలో అది కారకుండా ఉండటం అరుదు. కారేది ఆమ్లం కాదు, క్షారం, కాబట్టి వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ తుడిచి, నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టాలి. సాధారణంగా బ్యాటరీ పక్కనే కీబోర్డు సాకెట్టూ దాని కంట్రోలర్ చిప్పూ ఉంటాయి, అక్కడి సన్నటి రాగి గీతలు తెగిపోతే జంపర్లు ఎంత సరిగ్గా పెట్టినా బోర్డు లేవదు. పాత బ్యాటరీ చోట కాయిన్ సెల్ పెట్టేవాళ్లు మధ్యలో డయోడ్ వేయాలి, లేకపోతే బోర్డు ఆ సెల్‌ని ఛార్జ్ చేయబోతుంది, అది ఛార్జ్ చేసే రకం కాదు.

ఇక వెతకడం. ఇందులో బాగున్నది ఏంటంటే బోర్డు వెలగకపోయినా మొదలుపెట్టొచ్చు. బోర్డుని లేపే ప్రోగ్రాం ఉండే బయోస్ చిప్పు ఊడదీసి, ప్రోగ్రామర్ అనే చిప్పులు చదివే పరికరంలో పెట్టి చదివితే, లోపలి అక్షరాల్లో గుర్తింపు వరస తరచూ కనబడుతుంది. ఏఎంఐ కంపెనీ బయోస్ అయితే గీతలతో విడదీసిన అంకెల వరస ఉంటుంది, అందులో మూడో గుంపు చివరి నాలుగు అంకెలు తయారీదారు సంఖ్య. అవార్డ్ కంపెనీదైతే మొదటి ఐదు అక్షరాలు చిప్‌సెట్‌వి (బోర్డు భాగాల్ని కలిపి నడిపే చిప్పులు), తర్వాతి రెండు తయారీదారువి. ఆ సంఖ్యా, చిప్‌సెట్ పేరూ, స్లాట్లు ఎన్ని, మెమరీ సాకెట్లు ఎన్ని, ఈ నాలుగూ చేతిలో ఉంటే ది రెట్రో వెబ్ అనే సైటులో గానీ, టోటల్ హార్డ్‌వేర్ 99 అనే పాత జంపర్ల సంకలనంలో గానీ ఒక గంటలో దొరికిపోవచ్చు. దొరికితే పండగే.

కానీ నాకు భయం పూర్తిగా దొరకనప్పుడు కాదు, దాదాపుగా దొరికినప్పుడు. మీ బోర్డు లాగే ఉన్న బొమ్మ, అదే చిప్‌సెట్, అవే స్లాట్లు, ఇక ఇదే అనిపిస్తుంది, తీరా చూస్తే అది రివిజన్ 1, మీది 2, జేపీ12 అన్న జంపర్ పేరు అక్కడ క్యాష్ (ప్రాసెసర్‌కి తోడుండే వేగమైన చిన్న మెమరీ) సైజుకి, ఇక్కడ వోల్టేజీకి. బయోస్ వరస కూడా అబద్ధం చెప్పగలదు, ఎందుకంటే ముప్పై ఏళ్లలో ఏ రిపేరు కుర్రాడో ఇంకో బోర్డు చిప్పు తెచ్చి పెట్టి ఉండొచ్చు. పుట్టుమచ్చలు కలిసినంత మాత్రాన తప్పిపోయిన కొడుకు ఇతనే అనేయడం సినిమాల్లో చెల్లుతుంది.

అందుకే నా ఓటు మల్టీమీటరుకి. పని విసుగే, ఒప్పుకుంటాను, రెండు సాయంత్రాలు తినేస్తుంది, కానీ అది చెప్పేది మీ బోర్డు గురించే, దాని కవల గురించి కాదు. ముందు కరెంటు లేకుండా చూడండి. బోర్డు వేగాన్ని నిర్ణయించే క్లాక్ జనరేటర్ చిప్పుని పట్టుకోవడం తేలిక, 14.318 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న క్రిస్టల్ పక్కనే చిన్నదిగా ఉంటుంది. దాని మీది నంబరుకి డేటాషీట్ తీస్తే ఫ్రీక్వెన్సీ ఎంచుకునే కాళ్లు ఏవో, ఏ కలయికకి 25, 33, 40 వస్తాయో పట్టిక ఉంటుంది. ఆ కాళ్ల నుంచి జంపర్ల దాకా మల్టీమీటరు బీప్ మోడ్‌లో (రెండు చోట్లూ కలిసి ఉంటే కూస్తుంది) వెతికితే మూడు నాలుగు జంపర్ల గుట్టు అక్కడే తేలిపోతుంది, ఒక్కసారి కూడా స్విచ్ వేయకుండా.

వోల్టేజీ సంగతి దగ్గర మాత్రం మల్టీమీటరుకి పోటీయే లేదు. ఇంటెల్ డీఎక్స్-33, డీఎక్స్2-66 మామూలుగా 5 వోల్టులవి, డీఎక్స్4కి 3.3 కావాలి, ఏఎండీ 5ఎక్స్86కి 3.45. సాకెట్ దగ్గర హీట్‌సింక్‌తో వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ ఒకటి కనిపించకపోతే అది బహుశా 5 వోల్టుల బోర్డే, అందులో డీఎక్స్4 పెట్టడమంటే దాన్ని కాల్చడమే. నేను చేసింది అదే. రెగ్యులేటర్ ఉంటే ప్రాసెసర్ తీసేసి, ఖాళీ సాకెట్‌లో సప్లై కాలి దగ్గర కొలిచి చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని బోర్డులు డీఎక్స్4కి ఉండే ఎస్4 అనే కాలు నేలకు (గ్రౌండ్‌కి) కలిసి ఉందా లేదా చూసి వోల్టేజీని అవే మార్చుకుంటాయి, కాబట్టి ఖాళీ సాకెట్‌లో 5 కనబడినంత మాత్రాన జంపర్ తప్పని కాదు. ఈ గొడవంతా ఎందుకు అనుకుంటే మొదటి పరీక్షకి 5 వోల్టుల ప్రాసెసరే పెట్టండి. కొన్ని ఏఎండీ చిప్పుల మీద వోల్టేజీ రాసే ఉంటుంది, చదివి పెట్టండి. సాకెట్ 3లో 237 రంధ్రాలుంటాయి, 168 కాళ్ల ప్రాసెసర్ లోపలి వరసల్లో కూర్చుంటుంది, నొక్కు ఉన్న మూల చూసుకోకపోతే దాన్ని తిప్పి పెట్టేయడం చాలా సులువు.

మరి మార్చి చూడటం పూర్తిగా పనికిరాదా? వస్తుంది, కాకపోతే దాని చోటు వేరు. పోస్ట్ కార్డు చవకది, పోర్టు 80 అనే చిరునామాకి బయోస్ రాసే సంఖ్యని రెండు అంకెల్లో చూపిస్తుంది, సప్లై వోల్టేజీలకీ రీసెట్‌కీ చిన్న లైట్లు ఉంటాయి. అంకెలు కదలకపోతే ప్రాసెసర్ పని మొదలెట్టలేదని అనుకోవచ్చు, కదిలి ఒకచోట ఆగితే సగం యుద్ధం గెలిచినట్టే. క్యాష్ సైజు జంపర్లని ఇలా మార్చి చూడటంలో తప్పులేదు, అక్కడ తప్పు పెడితే బోర్డు ఆగిపోతుంది తప్ప కాలదు, పైగా ముందు బయోస్‌లో క్యాష్ ఆపేసి మిగతాది తేల్చుకోవచ్చు. మెమరీకీ ఇదే, 30 కాళ్ల మాడ్యూళ్లయితే 486కి నాలుగేసి ఒకేసారి పెట్టాలన్నది గుర్తుంటే చాలు. వోల్టేజీ జంపర్ని మాత్రం ఇలా మార్చి చూడటం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఇంకో మాట, పీసీఐ, ఐఎస్ఏ అనే రెండు రకాల స్లాట్లకీ అంచులుండే పోస్ట్ కార్డుల్లో ఏ అంచు ఎటో చూసుకోకుండా తిప్పి గుచ్చితే కార్డు పోతుంది, ఒక్కోసారి బోర్డు కూడా.

స్విచ్ వేసేముందు రెండు పనులు: పాత ఏటీ రకం పవర్ సప్లై రెండు ప్లగ్గుల్లోని నల్ల వైర్లు మధ్యలో పక్కపక్కన పడాలి, 5 వోల్టులకీ నేలకీ మధ్య షార్ట్ లేదని చూసుకోవాలి. పసుపు రంగు టాంటలం కెపాసిటర్లకి మొహం దూరంగా పెట్టుకోండి, షార్టయితే అవి టపాకాయలే.

కాగితాలున్న బోర్డు కొనేయొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. గేములు ఆడటమే కావాలంటే కొనేయడమే మేలు, నిజంగా. నా ఖర్చు లెక్క వేస్తే బోర్డు ధరకంటే ప్రోగ్రామరూ పోస్ట్ కార్డూ కలిపి ఎక్కువయ్యాయి.

ప్రస్తుతానికి నా బోర్డు 5 వోల్టుల డీఎక్స్2-66తో లేచింది, 33 మెగాహెర్ట్జ్ బస్సు మీద, మెమరీ లెక్కపెట్టి, కీబోర్డు లోపం అని చెప్పి ఆగింది. ఆ లోపం బ్యాటరీ కింద తెగిన గీతది, ఒక సన్నటి తీగ అతికించాక పోయింది. ఇరవై మూడు జంపర్లలో పంతొమ్మిదికి కాగితం మీద పేర్లు రాశాను. ఇంకో మూడు క్యాష్‌వని అనుమానం, వాటిని వచ్చే ఆదివారం చూస్తాను. మిగిలిన ఒక్కటి, జేపీ17, ఎటు కొలిచినా ఏ చిప్పుకీ పోవడం లేదు, దాన్ని దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేశాను.