మినాక్స్ బి: చుట్టల డబ్బుతో నిలబడ్డ బుల్లి కెమెరా, ఏళ్ల తరబడి వాడాక

మినాక్స్ పేరెత్తగానే అందరూ గూఢచారుల గురించే అడుగుతారు. ఆ ముచ్చట ముందే కానిచ్చేద్దాం. అవును, ప్రచ్ఛన్న యుద్ధకాలంలో దొంగచాటుగా పత్రాలు ఫొటో తీయడానికి దీన్ని వాడారు. కానీ ఇది మామూలు కెమెరా షాపుల్లో మామూలు జనానికి అమ్మిన వస్తువు. నేనూ అలాగే వాడుతున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, సాయంత్రం నడక, చొక్కా జేబులో ఇది. ఇన్నేళ్ల వాడకంలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఇందులో బలహీనమైనది ఫిల్మే. దీన్ని గీసినాయనకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. అందుకే యంత్రాన్నంతా ఆ బలహీనత చుట్టూ అల్లాడు.

నెగటివ్ 8×11 మిల్లీమీటర్లు. మామూలు కెమెరాల్లో వేసే 35 ఎంఎం ఫిల్ము నెగటివ్‌లో పదో వంతు. 15 సెంటీమీటర్ల పొడవు ప్రింటు కావాలంటే 35 ఎంఎం ఫిల్మును నాలుగు రెట్లు పెంచితే సరి. దీన్ని పదమూడు రెట్లకు పైగా పెంచాలి. చేతి వణుకు, దుమ్ము, గ్రెయిన్ (ఫిల్ములోని రవ్వలు) అన్నీ ఆ లెక్కనే పెరుగుతాయి. అంత చిన్న ఫ్రేములో పదును రావాలంటే లెన్సు ఏ కాస్తా రాజీ పడకూడదు. ఇందులోని కాంప్లాన్ లెన్సు 15 ఎంఎం, ఎఫ్/3.5. లెన్సు కంతను చిన్నదీ పెద్దదీ చేసే అపర్చర్ రేకులు అసలే లేవు, కంత ఎప్పుడూ ఎఫ్/3.5లోనే. ఇంత చిన్న లెన్సును ఇంకా మూస్తే కాంతి వంగి బొమ్మ మెత్తబడుతుంది. ఫోకస్ లోతు, అంటే పదునుగా వచ్చే దూరాల మేర, ఎలాగూ కావలసినంత ఉంది. కాబట్టి వెలుతురు సంగతి షట్టరే చూసుకుంటుంది, అర సెకను నుంచి 1/1000 దాకా. ఎండ మరీ ఎక్కువైతే లెన్సుకు అడ్డంగా జరుపుకోవడానికి లోపలే ఒక ఫిల్టరు ఉంది. ఇంకో తమాషా, ఫిల్మును చదునుగా కాకుండా కొద్దిగా వంచి పట్టుకుంటుంది. లెన్సు వేసే బొమ్మ అంచుల దగ్గర వంపు తిరుగుతుంది కదా, ఫిల్మునూ ఆ వంపుకే సరిపెట్టారు. లెన్సును సరిదిద్దడం కన్నా ఫిల్మును వంచడం తేలికని తోచడమే గొప్ప.

చేతిలో పట్టుకుంటే 100 గ్రాములు కూడా ఉండదు. లాగితే లెన్సు, వ్యూఫైండరు బయటపడతాయి. మూసి మళ్లీ లాగితే ఫిల్ము జరిగి షట్టరు సిద్ధమవుతుంది. అగ్గిపెట్టె తెరిచి మూసినంత పని. ఫోకస్ మాత్రం మన అంచనాయే. నేను వీధిలో 4 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తాను, రెండు మీటర్ల అవతలిదంతా నాకు సరిపడా పదునుగానే వస్తుంది. దగ్గరి వస్తువుకు ఫోకస్ చక్రం తిప్పితే వ్యూఫైండరు కూడా దానితోపాటు కదిలి, లెన్సు చూసేదే మనకూ చూపిస్తుంది. ఈ రోజుల్లో కొన్ని ఖరీదైన కెమెరాల్లోనూ ఈ శ్రద్ధ కనపడదు.

గొలుసు సంగతి వేరే చెప్పాలి. చేతికి తగిలించుకునే ఆ సన్నటి గొలుసు 60 సెంటీమీటర్లు, మధ్యమధ్య పూసలు. అవి దూరం కొలుచుకోవడానికి. పూసను కాగితానికి ఆనించి, గొలుసు బిగువుగా లాగి, చక్రం మీద ఆ దూరమే పెట్టి నొక్కడమే. 20 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లవచ్చు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ట్రంకు పెట్టెలో దాచిన ఇన్‌లాండ్ కవర్లన్నీ ఇలాగే తీశాను. స్కాన్ చేసి పెద్దది చేస్తే ఒత్తులు, వట్రసుడులు కూడా చదవగలిగాను. దొంగచాటు పనికి ఇదే గొలుసు వాడారన్నది నిజమే గానీ, ఉత్తరాలకు ఇంతకంటే హాయైన పరికరం నేను చూడలేదు.

ఇక దీని వెనక కథ. దీన్ని గీసిన వాల్టర్ జాప్ 1905లో, ఇప్పటి లాత్వియా రాజధాని రీగాలో పుట్టిన బాల్టిక్ జర్మన్, అంటే ఆ ప్రాంతంలో స్థిరపడ్డ జర్మన్ల వాడు. మొదటి మినాక్స్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రీగాలోనే, వీఈఎఫ్ కర్మాగారంలో, ఉక్కు ఒంటితో తయారైంది. యుద్ధంలో రీగా సోవియట్ల నుంచి నాజీల చేతికి, మళ్లీ సోవియట్ల చేతికి మారింది. జాప్ జర్మనీ చేరుకున్నాడు. 1945లో, పేరుమోసిన లైకా కెమెరా పుట్టిన జర్మనీ ఊరు వెట్జ్‌లార్‌లోనే మినాక్స్ కంపెనీ మొదలుపెట్టారు. పనివాళ్లు దొరికారు సరే, డబ్బు? గీసెన్ పక్కన హోయ్‌షెల్‌హైమ్‌లో రిన్ ఉండ్ క్లోస్ అనే చుట్టల కంపెనీ ఆదుకుంది. పొగాకు సొమ్ముతో లెన్సులు! 1948లో కొత్త మినాక్స్ బయటికొచ్చింది, ఈసారి తేలికైన అల్యూమినియంతో. 1950లోనే జాప్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు.

కాబట్టి నా మినాక్స్ బి, 1958 నుంచి 1972 దాకా తయారైన మోడల్, జాప్ లేని రోజుల్లోది. కంపెనీ చేసిన తెలివైన పని, ఆయన గీసిన యంత్రం గూడును కదపకుండా వెలుతురు కొలిచే మీటరు ఒక్కటి మాత్రం చేర్చడం. గాసెన్ అనే కంపెనీ చేసిన సెలీనియం మీటరు, వెలుతురుతోనే నడుస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. మినాక్స్‌లన్నిటిలోకీ ఎక్కువగా తయారైన మోడల్ ఇదే అంటే నాకు ఆశ్చర్యం లేదు. తర్వాతి మినాక్స్ సీలో ఎలక్ట్రానిక్ షట్టరు వచ్చింది. బ్యాటరీ అయిపోతే దిక్కుతోచని ఆ పద్ధతి నాకు పడదు.

1974లో అదే కంపెనీ 35 ఎంఎం ఫిల్ముతో పనిచేసే 35 ఈఎల్ కెమెరా కూడా తెచ్చింది. ఫొటోలు ఇంతకన్నా మేలుగా వస్తాయి, కాదనలేను. అయినా 1980ల చివర కంపెనీ దివాలా తీసింది, 1996లో లైకా చేతికి వెళ్లింది, 2001లో మళ్లీ విడిపోయింది. జాప్ 2003 దాకా బతికి ఇదంతా చూశాడు.

ఫిల్ము దగ్గరే అసలు కష్టం. తొమ్మిది మిల్లీమీటర్ల చిల్లర వెడల్పున్న ఈ రీలు ఏ కొట్లోనూ తగలదు. తయారుగా చుట్టి అమ్మే చిన్న వ్యాపారులు కొందరున్నారు, ధర చురుక్కుమంటుంది. నేను 35 ఎంఎం రీలును చీకట్లో కోత పరికరంలోంచి లాగి, పట్టీలను పాత కాసెట్లలో నింపుకుంటాను. ఫిల్ము వేగం ఐఎస్ఓ 100 దాటకండి. 400 వేస్తే ముఖాల మీద ఇసుక చల్లినట్టే. కడగడం కూడా ఇంట్లోనే, మినాక్స్ వాళ్ల చిన్న ట్యాంకులో. రసాయనం చాలా కొద్దిగా పడుతుంది, అదొక్కటే ఆదా. రంగు ఫిల్ము జోలికి నేను పోవడం మానేశాను.

కొనాలనుకునేవాళ్లు మీటరును కిటికీ వైపు తిప్పి సూది కదులుతోందేమో చూడండి. సెలీనియం ముసలిదైతే బాగుచేయడం కష్టం. అర సెకను షట్టరు చప్పుడు చెవి పెట్టి వినండి, తడబడితే వదిలేయండి. గొలుసు చాలాసార్లు పోయి ఉంటుంది, విడిగా కొనుక్కోవచ్చు. ఖాళీ కాసెట్లు మాత్రం అమ్మేవాళ్లను అడిగి, ఉన్నవన్నీ తీసుకోండి.