ప్రపోజల్ రాయించే ముందు ఈ సార్‌ని ఒకసారి కలవండి

నల్గొండలో సంస్థలకు ఫండింగ్ ప్రపోజల్స్ రాసిపెట్టే ఒక రిటైర్డ్ సార్ దగ్గర మా అనుభవం ఇది.

మాది మర్రిగూడ వైపు చిన్న సొసైటీ. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి సరే, అంతకుముందు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన పెద్దవాళ్లు అట్లనే ఉన్నారు, వాళ్లకు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయించాలని మా ఆశ. ఇంతకుముందు వేరే ఒకాయనకు 15,000 ఇచ్చి రాయిస్తే మూడో పేజీలో మా మండలం బదులు ఎక్కడిదో వేరే జిల్లా పేరు ఉంది. కంపెనీకి పంపాక చూసుకున్నాం. ఏడుపొచ్చింది.

ఈ సార్ మొదటిరోజు పెన్ను కూడా తీయలేదు. "ఎంత కావాలో తర్వాత చూద్దాం, ఎవరికి కావాలో చెప్పమ్మా" అన్నారు. చాలామంది ఉన్నారు సార్ అంటే, లెక్క పట్టుకురమ్మని పంపేశారు. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగితే 23 మంది తేలారు. మెడ తిప్పలేనివాళ్లెవరు, మంచం దిగలేనివాళ్లెవరు అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాం. చేయి పైకి లేవక తన జడ తాను వేసుకుని ఆరేళ్లయిందని ఒక అవ్వ చెప్పింది, సార్ ఆ మాటతోనే ప్రపోజల్ మొదలుపెట్టారు. "పూర్తిగా నయం చేస్తాం" అని మేము రాసుకున్నది మాత్రం కొట్టేశారు. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదమ్మా, నొప్పి తగ్గడం, కదలిక పెరగడం వరకే మాటివ్వండి అన్నారు.

బడ్జెట్‌లో "ఇతర ఖర్చులు 50,000" అన్న వరుస కూడా పోయింది. ఫిజియోథెరపిస్ట్ వారానికి 2 రోజులు, ఏడాదికి 104 రోజులు, రోజుకు 1,200 చొప్పున 1,24,800, ఆటో ఖర్చు వేరే, ఇట్లా ప్రతి రూపాయికీ లెక్క చూపించారు. మాకు 12ఏ, 80జీ (సంస్థకూ, దాతలకూ ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు) ఉన్నాయి గానీ, సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజ సేవకు పెట్టే డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ లేదు. 2021 ఏప్రిల్ నుంచి అది లేని సంస్థకు కంపెనీలు సీఎస్ఆర్ పైసలు ఇవ్వడానికి లేదని చెప్పి, సీఏ దగ్గరికి తనే వెంట వచ్చి చేయించారు.

ఫీజు 6,000, వచ్చిన గ్రాంట్‌లో పర్సంటేజీ మాట ఎత్తితే కోప్పడ్డారు. ఇబ్బంది ఒక్కటే, చాలా నిదానం. మాకు ఐదు వారాలు పట్టింది, ఫోన్ ఎత్తరు, ఎదురుగా కూర్చోవాల్సిందే. గడువు పది రోజులే ఉంటే ఆయన దగ్గర పని కాదు.

డబ్బు ఇంకా రాలేదు, కంపెనీ వాళ్లు వచ్చేనెల ఊరు చూడటానికి వస్తామన్నారు. మీరు వెళ్తే ఇంటింటి లెక్క రాసిన నోట్‌బుక్ పట్టుకునే వెళ్లండి, లేకపోతే మొదటిరోజు మాలాగే తిప్పి పంపేస్తారు.