క్రుక్స్ గురించి రాయాలా, కర్లీ భార్య గురించా?

అమెరికా రచయిత స్టైన్‌బెక్ 1937 నవల 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో ఒంటరితనం మీద వ్యాసం రాయమంటే చాలామంది ఈ ఇద్దరి దగ్గరే ఆగిపోతారు: పశువుల, పంటల క్షేత్రంలో గుర్రాలశాల చూసుకునే క్రుక్స్, ఆ క్షేత్రం యజమాని కొడుకు కర్లీ భార్య.

శ్రమ: క్రుక్స్‌తో తక్కువ. కావలసిందంతా దాదాపు నాలుగో భాగంలోనే, అతని చిన్న గదిలోనే దొరుకుతుంది. కర్లీ భార్య కోసం నవలంతా వెతకాలి.

కారణం: క్రుక్స్ నల్లజాతివాడు. మిగతా కూలీలు పడుకునే గదిలోకి రానివ్వరు. పుస్తకాలున్నాయి, కానీ చదివింది ఎవరితో చెప్పుకోవాలి? ఆమెకు మొగుడున్నాడు, ఇల్లుంది, మనసు విప్పి మాట్లాడే మనిషే లేడు. రచయిత ఆమెకు పేరు కూడా పెట్టలేదు. నాకు అన్నిటికన్నా గుచ్చుకునేది అదే.

రిస్క్: క్రుక్స్‌ని ఉత్త బాధితుడిగా చూపించేయడం. నీ స్నేహితుడు జార్జ్ తిరిగి రాకపోతే ఏం చేస్తావని అమాయకుడైన కూలీ లెన్నీని భయపెట్టింది అతనే కదా! ఆమె విషయంలో కూలీలు అనే మాటలే నమ్మేసే ప్రమాదం ఉంది. అలాగని ఆమె కూడా తక్కువేం కాదు, క్రుక్స్‌ని ఉరి తీయించగలనని బెదిరిస్తుంది.

టైమ్ తక్కువున్నా, ప్రశ్న జాతి వివక్ష మీదైనా క్రుక్స్‌నే తీసుకోండి. పెళ్లి, ఆడవాళ్ల స్థానం, తీరని కలల గురించైతే కర్లీ భార్య. సినిమాల్లోకి వెళ్లాలనుకున్న సంగతి ఆమె లెన్నీతో చెప్పుకునే చోటు మాత్రం వదలొద్దు.