పర్లాకిమిడిలో నేతాజీ బోర్డు రాయించేవాళ్లకు

జనవరి 23 దగ్గర పడుతోందంటే పర్లాకిమిడి స్కూళ్లవాళ్లు, యువజన సంఘాలవాళ్లు నేతాజీ బొమ్మ కోసం తిరగడం మొదలుపెడతారు. ముప్పావు వంతు మంది ఫ్లెక్స్‌తో సరిపెట్టుకుంటారు. ఒక్కరోజు పండగకైతే ఫ్లెక్స్ చాలు. ఏడాదంతా గేటు మీద నిలవాల్సిన బొమ్మయితే మాత్రం మెయిన్ రోడ్డు సందులో ఒడియా, తెలుగు రెండూ చేత్తో రాసే బోర్డుల దుకాణానికి వెళ్లండి. ఫ్లెక్స్ కంటే మూడు నాలుగింతలు ఎక్కువ అవుతుంది. అయినా ఇవ్వదగిన డబ్బే.

అక్కడ మొదట అడిగేది సైజు కాదు, ఏ సుభాష్ బాబు కావాలని. ఇది చాలా సరైన ప్రశ్న. 1938లో హరిపుర కాంగ్రెసు అధ్యక్షుడిగా ఉన్నప్పటి రూపం వేరు: తెల్ల గాంధీ టోపీ, పంచె, భుజాన శాలువా. ఆ బొమ్మ కింద 'నేతాజీ' అనీ 'జైహింద్' అనీ రాస్తే కాలం తప్పినట్టే. నేతాజీ అన్న పిలుపు 1942లో జర్మనీలోని భారత సైనికుల మధ్య పుట్టింది. జైహింద్ కూడా ఆ రోజులదే. దాన్ని సూచించింది మన హైదరాబాదు మనిషి ఆబిద్ హసన్ సఫ్రానీ అని చెబుతారు. 1943లో జలాంతర్గామిలో బోసుతో పాటు తూర్పుకు వచ్చినవాడు ఆయనే. 'ఛలో ఢిల్లీ' 1943 జూలై 5న సింగపూరులో ఆజాద్ హింద్ ఫౌజు ముందు ఇచ్చిన పిలుపు. రక్తం ఇవ్వండి, స్వాతంత్ర్యం ఇస్తానన్న మాట 1944లో బర్మాలో అన్నది. కాబట్టి ఈ నినాదాల్లో ఏది రాయించినా బొమ్మ ఖాకీ బట్టల్లో, ముందుకీ వెనక్కీ కొసలు తేలిన మడత టోపీతో ఉండాలి. గాంధీ టోపీ బొమ్మే కావాలంటే కింద 'సుభాష్ చంద్ర బోస్' అని పేరు రాయించి ఊరుకోండి. 1939లో టాగోరు పిలిచిన 'దేశ్‌నాయక్' కూడా దానికి నప్పుతుంది.

ఫోటో మీరు తీసుకెళ్తే ఒకటి చూసుకోండి. ఇంటర్నెట్లో దొరికే వాటిలో కొన్ని కుడి ఎడమలు తిరగబడి ఉంటాయి. చొక్కా గుండీపట్టీ చూస్తే తెలిసిపోతుంది. మగవాళ్ల చొక్కాకు తొడుక్కున్నవాడి ఎడమవైపు అంచు పైకి వస్తుంది. కుడి అంచు పైన కనిపిస్తే ఆ ఫోటో తిరగేసిందే. దుకాణంలో ఇది వాళ్లే పట్టుకుంటారు. ఫ్లెక్స్ దగ్గర అడిగేవాడుండడు.

ఖాకీ రంగు కలపడంలో ఈ పెయింటరు పనితనం కనిపిస్తుంది. పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, బొమ్మ అడవి గార్డులా తయారవుతుంది. ఇక్కడ అందులో చిటికెడు రెడ్ ఆక్సైడ్ వేసి ఆ పచ్చదనాన్ని విరుస్తారు, ఆ తర్వాతే తెలుపు. కళ్లజోడు గుండ్రటి ఫ్రేమును ఒకే కుంచె తిప్పుతో వేసి, అద్దం మీద సన్నటి తెల్లగీత ఒకటి లాగుతారు. ఆ గీత లేకపోతే కళ్లకు జీవం రాదు.

రేకు విషయంలో గట్టిగా ఉండండి. జింకు పూత రేకు మీద నేరుగా ఎనామిల్ కొడితే రెండు వానలకే అప్పడంలా లేస్తుంది, ఎందుకంటే ఎనామిల్‌లోని నూనెకూ జింకుకూ పడదు. సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, గరుకు కాగితంతో రుద్ది, జింకుకు పట్టే ఎచ్ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగుపూత, ఒక చెయ్యి వెయ్యాలి. ఆ పైన ఎనామిల్ రెండు చేతులు, చేతికీ చేతికీ మధ్య ఒక రాత్రి ఆరాలి. ఆరడుగులకు నాలుగడుగుల బోర్డుకు బొమ్మ వెనకాల రంగు అర లీటరు సరిపోతుంది. తొందరపెడితే ప్రైమర్ మానేస్తారు. ఇదొక్కటే ఈ దుకాణం మీద నా ఫిర్యాదు: జనవరి మూడో వారంలో ఆర్డరిస్తే పని పల్చబడుతుంది. డిసెంబరులోనే ఇచ్చేయండి.

అక్షరాల సంగతి. ఒడియా వరస పైన, తెలుగు వరస కింద పెట్టమనండి. ఒడియా అక్షరాలకు తల గుండ్రంగా పైకి లేస్తుంది, తెలుగు ఒత్తులు కిందికి వేలాడతాయి. తెలుగు పైన పెడితే రెండూ మధ్యలో ఢీకొంటాయి. ముప్ఫై అడుగుల నుంచి హాయిగా చదవాలంటే అక్షరం మూడంగుళాలకు తగ్గకూడదు, ఒత్తుకు చోటు అదనం. 'స్వాతంత్ర్యం' అన్న మాటను ముందు చాక్‌పీసుతో రాయించి చూడండి. త కింద ర, ఆ తర్వాత య రావాలి. ఫ్లెక్స్ కంప్యూటర్లో ఫాంటు మారగానే ఈ మాటే మొట్టమొదట విరిగిపోతుంది, పొల్లులు ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో తెలుగు అక్షరం అలా గోడెక్కితే మనసు చివుక్కుమంటుంది. 'జైహింద్'లో ద్ పొల్లు కూడా మర్చిపోకుండా చూసుకోండి, దానికి ఒత్తు పెట్టి 'ధ్' చేయనివ్వకండి.

తేదీ దగ్గర వీళ్ల పద్ధతి నాకు నచ్చింది. '23 జనవరి 1897, కటకం' అని పుట్టుక మాత్రమే రాస్తారు. 1945 ఆగస్టు 18 విమాన ప్రమాదం మాట ఎత్తితే ఇక్కడ ఇప్పటికీ వాదన లేస్తుంది. గేటు మీది బోర్డు దానికి చోటు కాదు.

ఫైబర్ విగ్రహాలు మాత్రం ఇక్కడ కొనకండి. బయటినుంచి తెచ్చి అమ్ముతారు, గోడ పల్చన, లోపల బోలు, పీఠానికి బోల్టు లేదు. గాలికి పడకుండా లోపల ఇసుక పోయాలి. కళ్లజోడు విడిగా ఇనప తీగతో చేసింది, ఏడాదికే తుప్పు కారి చెంపల మీద చార పడుతుంది. విగ్రహమే కావాలంటే రాతిలో చెక్కించుకోండి. ఢిల్లీ ఇండియా గేటు దగ్గర 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించిన 28 అడుగుల నేతాజీకి రాయి మన ఖమ్మం నుంచే వెళ్లింది. 280 టన్నుల నల్ల గ్రానైటు బండ, 140 చక్రాల లారీ మీద.

కట్టించేటప్పుడు బోర్డు వెనక ఇనప ఫ్రేముకూ గోడకూ మధ్య అంగుళం సందు వదలమనండి. లేకపోతే వానాకాలం చెమ్మంతా రేకు వెనకే నిలిచి తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది.