క్వెజల్ షేడా, స్టూబెన్ షేడా: ఏది మేలు?

నెమలికంఠం రంగులో మెరిసే పాత అమెరికన్ గాజు దీపపు షేడ్లు అనగానే ఎవరికైనా టిఫనీ కంపెనీ గుర్తొస్తుంది. ధర వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. అప్పుడు చూపు ఈ రెండింటి మీదికి మళ్లుతుంది.

క్వెజల్ కంపెనీ 1901లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మొదలైంది. పెట్టినవాళ్లలో మార్టిన్ బాక్ అంతకుముందు టిఫనీ దగ్గర పనిచేసినవాడే. వీళ్ల గొప్పంతా ఈకల డిజైన్‌లో ఉంది. వేడి గాజు చుట్టూ రంగు గాజు తీగలు చుట్టి, కొక్కెంతో లాగి ఈకలు తీర్చేవారు. తెల్లటి ఒంటి మీద ఆకుపచ్చ ఈక, దానికి బంగారు అంచు, లోపలంతా బంగారు మెరుపు. చూస్తే వదలబుద్ధి కాదు.

స్టూబెన్ కంపెనీ 1903లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ ఊళ్లో మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన ఫ్రెడరిక్ కార్డర్ తెచ్చిన బంగారు మెరుపు ఆరీన్ గాజే దాని పేరు నిలబెట్టింది. బల్ల మీద పెడితే కళ్లు చెదురుతాయి. కానీ ఆ రంగులు పైనుంచి పడే వెలుతురు తిరిగి రావడం వల్ల కనిపించేవి. లోపల బల్బు వేస్తే తేనె రంగే మిగులుతుంది. అందుకే స్టూబెన్‌లో నా ఓటు కాల్సైట్ అనే గాజుకి: బయట దంతపు తెలుపు, లోపల ఆరీన్ పూత. వెలిగిస్తే కాంతి కంటికి గుచ్చుకోదు.

ఒక్క షేడే కొనేటట్టయితే క్వెజల్ తీసుకోండి, వెలిగించినా ఈకలు మాసిపోవు. మూడో ఐదో దీపాల షాండ్లియర్‌కైతే సాదా కాల్సైట్ నయం. చేత్తో లాగిన ఈకలు ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి జత కుదరడం పెద్ద టెన్షన్.

సంతకం సంగతి: క్వెజల్‌కి పైఅంచు దగ్గర పేరు చెక్కి ఉంటుంది. స్టూబెన్ వెండి రంగు ముద్ర తుడుచుకుపోతుంది, అసలు ముద్ర లేనివీ దొరుకుతాయి. చెక్కిన పేరు ఉందని గుడ్డిగా నమ్మకండి, ఎప్పుడైనా ఎవరైనా చెక్కొచ్చు.

హోల్డర్‌లో దాగే పైఅంచున చిన్న పెచ్చు ఊడితే బేరమాడి తీసుకోవచ్చు. కింది అంచును మాత్రం వేలితో తడిమి చూడండి. చదునుగా, మెరుపు లేకుండా తగిలితే పెచ్చు దాచడానికి అరగదీసి ఉంటారు. అలాంటిది సెట్‌లో మిగతావాటి కంటే పొట్టిగా వేలాడుతుంది.