పాత డీటీపీ కంప్యూటర్‌కి 16 జీబీ ఆప్టేన్: ఎవరికి పనికొస్తుంది?

ఇంట్లో శుభలేఖల పని చేసే నా కంప్యూటర్ ఏడో తరం ఐ3, బీ250 మదర్‌బోర్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. కోరల్‌డ్రా, ఫొటోషాప్, పేజ్‌మేకర్, ‘అను’ తెలుగు ఫాంట్లు, ఏళ్ల తరబడి పోగుపడ్డ డిజైన్లు అన్నీ అందులోనే. పొద్దున్నే ఆన్ చేసి కోరల్ నొక్కితే, అది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డ్రైవ్) కొని విండోస్, ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించాలంటే నీరసం. అందుకే ఇంటెల్ ఆప్టేన్ మెమరీ (హార్డ్ డిస్క్ పనిని వేగవంతం చేసే చిన్న కార్డు) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను.

2017లో వచ్చిన సరుకు ఇది. మదర్‌బోర్డు మీద ఉండే ఎం.2 అనే సన్నటి స్లాట్‌లో పెట్టాలి. కొత్త డ్రైవ్‌లా కనిపించదు, సీ డ్రైవ్ సీ డ్రైవ్‌గానే ఉంటుంది. మనం మాటిమాటికీ తెరిచేవాటిని తన దగ్గర ఉంచుకుని, హార్డ్ డిస్క్ దాకా పోకుండా అందిస్తుంది. కరెంటు పోయినా అందులోది చెరగదు. మా వీధిలో అది చిన్న విషయం కాదు.

ఏ ఫైలైనా మొదటిసారి పాత స్పీడే. తేడా తర్వాత తెలుస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో అవే వినాయకుడి బొమ్మలు, అవే బోర్డర్లు, అవే ఫాంట్లు కదా, చకచకా వచ్చేస్తున్నాయి. విండోస్ కూడా తొందరగా లేస్తోంది. కానీ "మా అక్క పెళ్లికి చేసిన కార్డే కావాలండీ" అని ఎవరైనా వస్తే మళ్లీ డిస్క్ గరగరే. ఫొటోగ్రాఫర్ తెచ్చిన ఆల్బం ఫొటోలు కాపీ చేసేటప్పుడూ లాభమేమీ కనిపించలేదు. దీని రాసే వేగం కంపెనీ లెక్కలోనే సెకనుకు 145 ఎంబీ, మంచి హార్డ్ డిస్క్ కూడా దాదాపు అంత రాస్తుంది.

కొనేముందు చూసుకోండి: ఏడో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ కోర్ (ఐ3, ఐ5, ఐ7 లాంటి) ప్రాసెసర్, ఆప్టేన్‌కి సపోర్ట్ ఉన్న బోర్డు, 64 బిట్ విండోస్ 10 ఉండాలి. డిస్క్ జీపీటీ అనే పద్ధతిలో (పార్టిషన్ల వివరాలు డిస్క్ మీద రాసుకునే కొత్త తీరు) ఉండాలి, దాని చివర 5 ఎంబీ ఏ పార్టిషన్‌కీ ఇవ్వకుండా వదలాలి. నన్ను ఎక్కువ విసిగించింది ఈ ముక్కే.

ఎలాగూ విండోస్ కొత్తగా వేసుకునేవాళ్లకి ఇది దండగ, మామూలు 256 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. ఇంటెల్ కూడా ఆప్టేన్ వ్యాపారం మూసేస్తున్నట్టు 2022లోనే చెప్పేసింది. నాలాగా, ఉన్న సెటప్ కదపడం ఇష్టం లేక, చవగ్గా దొరికితేనే తీసుకోండి. రిపేరుకి ఇచ్చేటప్పుడు మాత్రం షాపతనికి ముందే చెప్పాలి: ఆప్టేన్‌ని సాఫ్ట్‌వేర్‌లో డిసేబుల్ చేశాకే ఆ కార్డుగానీ డిస్క్‌గానీ పీకాలి, లేకపోతే డేటాకే ఎసరు.