ఏబీఎస్ చదివే స్కానర్: పాత పికప్ మీద ఏళ్ల తరబడి వాడాక

గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఏబీఎస్. బండి కంప్యూటర్‌కు తగిలిస్తే, అందులో ఏ చక్రం దగ్గర తేడా ఉందో ఈ స్కానర్ చెబుతుంది. అక్కడ ఏది పాడైందో చెప్పదు. ఈ సంగతి తెలిసి కొన్నవారికి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. తెలియక కొన్నవారు తెర మీద కనిపించిన ప్రతి లోపం కోడ్‌కూ ఒక కొత్త సెన్సర్ కొంటూ పోతారు.

నాది పదేళ్లు దాటిన డీజిల్ పికప్. నల్లగొండ పక్కన ఉన్న బత్తాయి తోట నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లోడుతో పోతుంది. వానాకాలంలో పొలాల బాటల్లో బురద తొక్కుతుంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, కమాను కట్టలు, నాలుగు చక్రాలకూ వేగం కొలిచే సెన్సర్లు. బండి కొత్తగా ఉన్నప్పుడు ఏబీఎస్ అనేది ఒకటుందన్న ధ్యాసే ఉండేది కాదు. పాతబడ్డాక డ్యాష్‌బోర్డు మీది పసుపుపచ్చ ఏబీఎస్ లైటు దానంతట అదే గుర్తు చేసింది.

వెయ్యి రూపాయల లోపు దొరికే, బండికి గుచ్చి ఫోనులో చూసుకునే బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే, అంటే ‘పి’ అక్షరంతో మొదలయ్యేవాటినే చదువుతాయి. బ్రేకుల కోడ్‌లు ‘సి’తో మొదలవుతాయి. వాటిని చదివే యంత్రానికి అంతకు ఎన్నో రెట్లు పెట్టాలి. పెట్టె మీద రాసిన బండ్ల జాబితాను నమ్మకండి. బండిని దుకాణం ముందుకే తీసుకెళ్లి, తీగ గుచ్చి, నాలుగు చక్రాల వేగమూ ఒకే తెర మీద కదులుతూ కనిపిస్తేనే డబ్బు చెల్లించండి. కోడ్‌లు మాత్రమే చూపించి వేగాలు చూపించనిది నా దృష్టిలో సగం యంత్రమే.

ఎందుకంటే మా బండి పెట్టిన అసలు తంటా ఏ కోడూ లేకుండా వచ్చింది. లైటు వెలగదు. వేగంగా పోతున్నప్పుడు బ్రేకు మామూలుగానే పడుతుంది. చిట్యాల కూడలిలో ఆగబోతుంటే మాత్రం, ఇక బండి నిలిచిపోతుందనగా, పెడల్ కాలి కింద కటకటమని కొట్టుకుని బండి మరో రెండు గజాలు ముందుకు జారేది. రోడ్డు పొడిగానే ఉండేది. మెకానిక్ డిస్కులు వంకరపోయాయన్నాడు. వంకర డిస్కయితే వేగంలోనే ఎక్కువగా వణకాలి కదా.

తమ్ముణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, నేను పక్కన స్కానర్ పట్టుకుని ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఆపించాను. మూడు చక్రాల అంకెలు వరుసగా దిగుతున్నాయి. ముందు ఎడమ చక్రం మాత్రం గంటకు 8 కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా సున్నా అయిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది, సంకేతం ఆగిపోయింది. చక్రం బిగుసుకుపోయిందనుకుని కంప్యూటర్ అక్కడి బ్రేకు ఒత్తిడిని వదిలేస్తోంది. ఆ కటకట దానిదే.

పాత రకం సెన్సర్‌లో ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. ఎదురుగా చక్రంతోపాటు పళ్ల రింగు తిరిగితే కరెంటు పుడుతుంది. చక్రం నెమ్మదించే కొద్దీ ఆ కరెంటు తగ్గుతుంది. సెన్సర్‌కూ రింగుకూ మధ్య సందు సాధారణంగా మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, అది కాస్త పెరిగినా తక్కువ వేగంలో సంకేతం అందదు. విప్పి చూస్తే సెన్సర్ మొనకు బ్రేకు ప్యాడ్ల ఇనుప పొడి నల్లటి గడ్డంలా అంటుకుని ఉంది. కూర్చునే చోట తుప్పు పొర కట్టి సెన్సర్‌ను పైకి నెట్టింది. తుప్పు గీకి, మొన గుడ్డతో తుడిచి, రింగు పళ్ల మధ్య గట్టిపడిన మట్టిని పుల్లతో తీసి బిగించాం. పైసా సామాను పడలేదు. బేరింగ్ వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక చక్రాన్ని జాకీ మీద లేపినప్పుడు ఊపి చూడాలి. జాకీని ఒక్కదాన్నే నమ్ముకోకుండా కింద స్టాండు కూడా పెట్టాలి.

తర్వాత వెనక కుడి సెన్సర్ కోడ్ వచ్చింది, గుంతల్లో మాత్రమే. ఇక్కడ పని చేసింది తీగల నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచే మల్టీమీటర్. మా బండిలోని రెండు తీగల సెన్సర్ వంటివి సాధారణంగా 800 నుంచి 2000 ఓమ్‌ల మధ్య చూపుతాయి. అంకె బాగానే ఉంది. కమాను దగ్గర తీగను వంచగానే మీటర్‌లో అంకె మాయమైంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగింది. సెన్సర్ మార్చి ఉంటే డబ్బు దండగ. ఒక హెచ్చరిక: కొత్త బండ్లలో కరెంటు ఇస్తే పనిచేసే రకం సెన్సర్లుంటాయి. వాటిని ఓమ్‌లలో కొలవకూడదు.

కోడ్‌లు గుంపుగా వస్తే చక్రాల జోలికి పోకుండా ముందు బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ తీగ చూడండి. వోల్టేజి పడిపోతే ఏబీఎస్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది.

“లైటే కదన్నా ఇబ్బంది, బల్బు తీసేస్తే సరి” అనే మెకానిక్‌లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఏబీఎస్ లేకున్నా బ్రేకు పడుతుంది, నిజమే. కానీ ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు. వాన పడుతున్నప్పుడు దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు ఘాట్ దిగుతుంటే వెనక చక్రాలు బిగిసి బండి అడ్డం తిరగడానికి క్షణం చాలు. పాత బండి కొనేవారు తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొద్ది సెకన్లలో ఆరుతుందో లేదో చూడండి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకి ఉంటారు. బండి నడుస్తుండగా ఏబీఎస్ లైటుతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే స్కానర్ సంగతి తర్వాత, ముందు బండి ఆపి బ్రేకు ఫ్లూయిడ్ చూడాలి.

యంత్రం మీద ఫిర్యాదులూ ఉన్నాయి. ఎండలో తెర కనిపించదు, గొడుగు పట్టుకోవాలి. తెలుగు లేదు. అంకెలు ఒక క్షణం ఆలస్యంగా మారతాయి, అందుకే తెరను ఫోనులో వీడియో తీసి మెల్లగా చూసుకుంటాను. ఏబీఎస్ పంపులోంచి గాలి తీసే సదుపాయం ఉందని పెట్టె మీద రాశారు, మా బండి మీద అది ఒక్కసారీ పనిచేయలేదు. ఆ పని పడితే కంపెనీ యంత్రం ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

ఒక్క బండి కోసం ఇంత పెట్టడం దండగే. ఊళ్లో పికప్‌లున్న నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది, తీసుకెళ్లినవారు తీగతో సహా తిరిగి ఇచ్చే ఏర్పాటు ముందే చేసుకోవాలి.